చదివిన చదువుకు చెల్లుబాటు

ఏపీ అనగానే మనకు ఆంధ్రప్రదేశ్ గుర్తుకు రావడం సహజం. అయితే అమెరికాలో స్థిరపడిన తెలుగిళ్లలో, అందునా హైస్కూలు వయసు పిల్లలున్న ఇళ్లలో, ఆ రెండక్షరాలకు వేరే అర్థముంది. "మీ అమ్మాయి ఈ యేడు ఎన్ని ఏపీలు తీసుకుంటోందండీ?" అన్న ప్రశ్న అక్కడి ఉగాది వేడుకల్లో పులిహోర పళ్లేలతో పాటు చేతులు మారుతూ ఉంటుంది. ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్. హైస్కూల్లో ఉండగానే కళాశాల స్థాయి పాఠం చదివి, మే నెలలో పరీక్ష రాసి, 1 నుంచి 5 వరకు ఉండే కొలమానం మీద 3 గానీ అంతకు పైన గానీ తెచ్చుకుంటే, రేపు చేరబోయే కళాశాల ఆ పాఠాన్ని తన దగ్గరే చదివినట్లు భావించి క్రెడిట్లు ఇవ్వవచ్చు. ఇవ్వకపోనూ వచ్చు. ఆ రెండు 'వచ్చు'ల నడుమ నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఈ టపా దాని గురించే.

ముందుగా ఆ మాట సంగతి. క్రెడిట్‌కు తెలుగేమిటని ఆలోచిస్తే ఒకదానికొకటి పొసగని అర్థాలు తోస్తాయి. కిరాణా కొట్లో 'అరువు రేపు' అని వేలాడే అట్టలోని అరువూ క్రెడిట్టే. బ్యాంకు పాసుపుస్తకంలోని జమా క్రెడిట్టే. "ఆ క్రెడిట్ అంతా ఆయనదే" అన్నప్పుడు అది ఘనత. అసలు మూలం నమ్మడమనే అర్థమున్న లాటిన్ ధాతువు. చదువుల విషయంలో నాకు ఈ మూలార్థమే సరైనదనిపిస్తుంది. ఒక బడి "ఈ పిల్లవాడు నేర్చుకున్నాడు" అని చెబితే మరొక బడి నమ్మడం, అంతే. నమ్మకపోతే చదివిన చదువు చెల్లని నాణెమవుతుంది. ఎవరు ఎవరిని నమ్మాలి, ఎందుకు నమ్మాలి అన్న తగవే ఈ చరిత్ర నిండా కనబడుతుంది.

పందొమ్మిదో శతాబ్దపు నడిమి దాకా అమెరికా కళాశాలల్లో ఈ లెక్కలతో పనిలేదు. చేరిన వారందరూ ఒకే వరుసలో గ్రీకు, లాటిన్, గణితం చదివేవారు. నాలుగేళ్లు గడిస్తే పట్టా. 1869లో హార్వర్డ్ అధ్యక్షుడైన చార్ల్స్ ఎలియట్ నలభై యేళ్ల పాటు ఆ పదవిలో ఉండి, విద్యార్థి తనకు నచ్చిన పాఠాలు ఎంచుకునే పద్ధతిని స్థిరపరిచాడు. ఒకడు రసాయన శాస్త్రం, మరొకడు ఫ్రెంచి చదివితే ఇద్దరూ 'ఒకే అంత' చదివారని చెప్పడమెలా? అక్కడ పుట్టింది పాఠాలను లెక్కించవలసిన అవసరం. అంతకన్నా పెద్ద చిక్కు కింది మెట్టులో ఉంది. హైస్కూలు ఎక్కడ ముగుస్తుంది, కళాశాల ఎక్కడ మొదలవుతుంది అన్నదానికి అప్పటి అమెరికాలో ఒప్పుదల లేదు. కళాశాల అని పేరు పెట్టుకున్న చాలా సంస్థలు నిజానికి హైస్కూలు పాఠాలే చెప్పేవి.

ఈ గందరగోళానికి గీత గీసినది ఏ విద్యావేత్తల మహాసభో కాదు. పంతుళ్ల పింఛను. వినడానికి వింతగా ఉన్నా ఇది అక్షరాలా నిజం.

ఉక్కు వ్యాపారంలో అపార ధనం గడించిన ఆండ్రూ కార్నెగీ, వృద్ధాప్యంలో కళాశాల ఆచార్యులు గడవక ఇబ్బంది పడుతున్నారని గ్రహించి, 1905లో వారి పింఛన్ల కోసం కోటి డాలర్లు కేటాయించాడు. దాన్ని పంచడానికి ఒక ఫౌండేషన్ ఏర్పడింది. హెన్రీ ప్రిచెట్ దానికి అధ్యక్షుడు. ఎవరికి పంచాలి? కళాశాల ఆచార్యులకు. కళాశాల అంటే ఏది? అక్కడే పీటముడి. కనీసం ఆరుగురు పూర్తికాలపు ఆచార్యులుండాలి, నాలుగేళ్ల చదువుండాలి, మతశాఖల అదుపులో ఉండకూడదు, చేర్చుకునే విద్యార్థి 14 'యూనిట్ల' హైస్కూలు చదువు పూర్తిచేసి ఉండాలి అని ఫౌండేషన్ నియమం పెట్టింది. ఒక సబ్జెక్టును ఏడాది పాటు, మొత్తం మీద 120 గంటలు చదివితే ఒక యూనిట్. పింఛను కావాలంటే కళాశాలలు ఈ నియమానికి లొంగాలి. కళాశాలల్లో సీట్లు కావాలంటే హైస్కూళ్లు తమ చదువును యూనిట్లలోకి మార్చాలి. కొన్ని సంస్థలైతే పింఛను కోసం తమను స్థాపించిన మతశాఖతోనే తెగతెంపులు చేసుకున్నాయి. కొద్ది సంవత్సరాల్లోనే దేశమంతటా బడిగంటల లెక్క పరచుకుంది. దానికి 'కార్నెగీ యూనిట్' అన్న పేరు స్థిరపడింది.

1910లో అదే ఫౌండేషన్ మారిస్ కుక్ అనే ఇంజనీరు చేత విశ్వవిద్యాలయాల మీద ఒక నివేదిక రాయించింది. కుక్ ఎవరనుకున్నారు? కర్మాగారాల్లో కూలీల చేతికదలికలను గడియారం పట్టుకుని కొలిచిన ఫ్రెడరిక్ టేలర్ శిష్యుడు. బొగ్గు తవ్వినట్టే చదువూ ఎంత పని, ఎంత ఖర్చు అని లెక్క తేలాలంటే ఒక కొలత కావాలని చెప్పి, ఒక విద్యార్థి ఒక గంట అన్న ప్రమాణాన్ని ఆయన సూచించాడు. వారానికి ఒక గంట చొప్పున ఒక సెమిస్టరు చదివితే ఒక క్రెడిట్, అటువంటివి 120 చేరితే పట్టా అనే నేటి అమెరికా లెక్క ఈ వాతావరణంలోనే గట్టిపడింది. (యూనిట్‌లోని 120 గంటలకూ పట్టాలోని 120 క్రెడిట్లకూ సంబంధం లేదు. ఈ రెంటినీ కలగలిపి చూసే అవకాశం ఉంది కనుక చెబుతున్నాను.) కొలిచినది కాలాన్ని, జ్ఞానాన్ని కాదు. ఎంతసేపు కూర్చున్నాడన్నది తెలుస్తుంది, ఏమి వచ్చిందన్నది తెలియదు. అయినా ఆ కొలత నిలిచింది. కాలాన్ని లెక్కించడం తేలిక. అందులో వాదానికి తావులేదు.

గీత గీయగానే దాన్ని దాటే ప్రయత్నాలూ మొదలయ్యాయి. నిజానికి మొదటిది ఆ గీతకన్నా ముందే జరిగింది. షికాగో విశ్వవిద్యాలయపు తొలి అధ్యక్షుడు విలియం రెయినీ హార్పర్ దృష్టిలో కళాశాలలోని మొదటి రెండేళ్లు నిజానికి పాఠశాల చదువుకు కొనసాగింపే. విశ్వవిద్యాలయపు అసలు పని ఆ పైన మొదలవుతుంది. తన విశ్వవిద్యాలయంలో ఆ రెండు భాగాలకూ జూనియర్ కాలేజీ, సీనియర్ కాలేజీ అని పేర్లు కూడా పెట్టాడు. షికాగోకు దగ్గరలోని జోలియెట్ పట్టణపు హైస్కూలు ప్రిన్సిపాలు జె. స్టాన్లీ బ్రౌన్ ఆయనకు మిత్రుడు. 1901లో ఆ హైస్కూల్లోనే, చదువు ముగిసిన ఆరుగురు విద్యార్థులకు కళాశాల పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. ఆ పాఠాలు చదివినవారిని విశ్వవిద్యాలయం పైమెట్టులో చేర్చుకుంటుందన్నది ఒప్పందం. అదే నేటి జోలియెట్ జూనియర్ కళాశాల, ఇప్పటికీ నడుస్తున్న అమెరికా ప్రభుత్వ రెండేళ్ల కళాశాలల్లో అన్నిటికన్నా పాతది. హైస్కూల్లో పై చదువు, అక్కడినుంచి మరో కళాశాలకు బదిలీ అనే రెండు వేర్వేరు విషయాలుగా నేడు మనం చూసేవి పుట్టినప్పుడు ఒకే గదిలో పుట్టాయి.

జూనియర్ కాలేజీ అన్న మాట తెలుగువారికి మరోలా పరిచితం. మనకు పదో తరగతి అవగానే "కాలేజీలో చేరాడు" అంటాం. అదే పిల్లవాడు అమెరికా వెళితే ఇంకా హైస్కూల్లోనే ఉంటాడు. ఇది ఉత్త మాటల తేడా కాదు. మద్రాసు విశ్వవిద్యాలయం కింద మన ఊళ్లలో ఎఫ్.ఎ., తరువాత ఇంటర్మీడియట్ అని పిలిచిన ఆ రెండేళ్లు నిజంగానే విశ్వవిద్యాలయపు చదువు. కళాశాలలో, విశ్వవిద్యాలయ పరీక్షతో ముగిసేది. 1917లో నియమితమై 1919లో నివేదిక ఇచ్చిన కలకత్తా విశ్వవిద్యాలయ కమిషన్ (శాడ్లర్ కమిషన్ అంటే ఎక్కువమందికి తెలుస్తుంది) ఇంటర్మీడియట్‌ను విశ్వవిద్యాలయం నుంచి విడదీయాలని, పాఠశాలకూ విశ్వవిద్యాలయానికీ సరిహద్దు మెట్రిక్యులేషన్ దగ్గర కాక అక్కడ ఉండాలని చెప్పింది. హార్పర్ మాటకు ఇది ఎంత దగ్గరో చూడండి. తరువాత పీయూసీ వచ్చింది, పోయింది; 1971లో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటర్మీడియట్ బోర్డు ఏర్పడడంతో ఆ రెండేళ్లు విశ్వవిద్యాలయం చేతిలోంచి పూర్తిగా జారిపోయాయి. పేరు మాత్రం కాలేజీగానే మిగిలింది. ఒకే వయసు, దాదాపు ఒకే కలన గణితం. ఒక దేశంలో కళాశాల, మరో దేశంలో బడి. గీత ఎక్కడ గీశారన్న దాన్ని బట్టే ఉంటుంది.

తిరిగి అమెరికాకు వద్దాం. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక చాలా కళాశాలలు దేశభక్తి పొంగులో, సైన్యంలో పనిచేసి వచ్చిన వారికి ఏమి నేర్చుకున్నారని అడగకుండా క్రెడిట్లు కట్టబెట్టాయి. తగినంత సరుకు లేని విద్యార్థులు పైతరగతుల్లో తేలారు. ఆ చేదు జ్ఞాపకం రెండో యుద్ధకాలానికి పనికొచ్చింది. ఈసారి సేవకు కాదు, నేర్చినదానికే క్రెడిట్ అని అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ పట్టుబట్టింది. సైనికుల కోసం 1942లో విస్కాన్సిన్‌లోని మాడిసన్ నుంచి తపాలా పాఠాలు మొదలయ్యాయి. హైస్కూలు పూర్తికాని వారికి జీఈడీ పరీక్షలు వచ్చాయి. సైన్యంలో చెప్పే రాడార్ పాఠం ఏ కళాశాల పాఠానికి సమానమో తేల్చే లావాటి మార్గదర్శిని ఒకటి అచ్చయింది. 1944 నాటి జీఐ బిల్లు పుణ్యమా అని 20 లక్షలకు పైగా మాజీ సైనికులు కళాశాలల్లో అడుగుపెట్టారు. తరగతి గదిలో కూర్చోకుండానే నేర్చుకోవచ్చు, దాన్ని పరీక్షించి ఒప్పుకోవచ్చు అన్న సంగతి అమెరికా విశ్వవిద్యాలయాలకు అనుభవంలోకి వచ్చింది అప్పుడే.

ఏపీ కథ ఇక్కడినుంచి రెండు మూడడుగుల దూరం. 1951లో ఫోర్డ్ ఫౌండేషన్ విద్యాభివృద్ధి కోసం ఒక నిధిని ఏర్పరచింది. దాని డబ్బుతో రెండు అధ్యయనాలు జరిగాయి. ఒకటి ఆండోవర్, ఎక్సెటర్, లారెన్స్‌విల్ అనే సంపన్నుల ప్రైవేటు పాఠశాలలు మూడు, హార్వర్డ్, ప్రిన్‌స్టన్, యేల్ విశ్వవిద్యాలయాలు మూడు కలిసి చేసినది. తమ దగ్గర చదివిన పిల్లలు కళాశాల మొదటి ఏడాదిలో చదివిన పాఠమే మళ్లీ చదువుతూ విసుగెత్తిపోతున్నారని ఆ పాఠశాలల ఫిర్యాదు. 1952లో వెలువడిన నివేదిక అది నిజమేనంది. రెండోది ఒహాయోలోని కెన్యన్ కళాశాల అధ్యక్షుడు గోర్డన్ కీత్ చామర్స్ చొరవతో పన్నెండు కళాశాలలు చేపట్టినది. స్వార్త్‌మోర్, ఓబర్లిన్, ఎంఐటీ వంటివి అందులో ఉన్నాయి. ఆ బృందానికి కార్యనిర్వాహకుడు విలియం కార్నాగ్, ఫిలడెల్ఫియాలోని సెంట్రల్ హైస్కూలు అనే ప్రభుత్వ పాఠశాల అధ్యక్షుడు. ఈ విషయాన్ని ఎక్కువమంది పట్టించుకోరు. ఏపీ సంపన్నుల బిడ్డల కోసం పుట్టిందన్న విమర్శలో నిజముంది, కానీ పూర్తి నిజం కాదు. మొదటి రోజునుంచీ ఆ బల్ల దగ్గర ఒక ప్రభుత్వ బడి పంతులు కూర్చుని ఉన్నాడు.

వాళ్లు చేసిన పని సూక్ష్మమైనది. బడి మాటను కళాశాల నమ్మదు. అలాగని ప్రతి బడినీ వెళ్లి చూడలేదు. కనుక మొదట కళాశాల, పాఠశాల పంతుళ్లు కలిసి కూర్చుని, మొదటి ఏడాది పాఠంలో ఏమేమి ఉండాలో రాసుకున్నారు. దాని మీద ఉమ్మడి పరీక్ష పెట్టారు. వ్యాసరూప సమాధానాలను రెండు వర్గాల వారూ కలిసి దిద్దే ఏర్పాటు చేశారు. పేరు తెలియని బడినుంచి వచ్చిన పిల్లవాడి సమాధానపత్రాన్ని ఎక్కడో కళాశాల ఆచార్యుడు చదివి అంకె వేస్తాడు. ఆ అంకెను అన్ని కళాశాలలూ నమ్మాలి. 1955లో కాలేజ్ బోర్డు ఈ బాధ్యత స్వీకరించింది; 1956 మే నెలలో జరిగిన తొలి పరీక్షలకు 104 పాఠశాలల నుంచి 1229 మంది కూర్చున్నారు. మరుసటి ఏడాది అక్టోబరులో సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ఎగరేసింది. గణితంలో, విజ్ఞానశాస్త్రంలో చురుకైన పిల్లల్ని త్వరగా పైకి తేవాలన్న ఆత్రుత దేశాన్ని పట్టుకుంది. ఏపీకి ఇక ఎదురులేదు. ఇప్పుడు ఏటా ఆ పరీక్షలు రాసేవారు 20 లక్షలకు పైమాటే. ఒక్కో పరీక్షకు రుసుము దాదాపు 100 డాలర్లు. లాభాపేక్ష లేని సంస్థగా నమోదైన కాలేజ్ బోర్డుకు ఈ రుసుములు ఎంత ముఖ్యమో వేరే చెప్పనక్కరలేదు.

నమ్మకం సంగతి అన్నాను కదా. అది ఎంత పెళుసైనదో తెలిపే ఘట్టం 1982లో జరిగింది. ఈ చరిత్ర మొత్తంలో నన్ను ఆపివేసేది అదే, కనుక కొంచెం తీరిగ్గా చెబుతాను.

హైమే ఎస్కలాంటే బొలీవియాలో పేరున్న గణిత ఉపాధ్యాయుడు. 1960ల్లో అమెరికా వచ్చారు. అక్కడ ఆయన చదువూ, బోధనానుభవమూ చెల్లలేదు. ఇంగ్లీషు రాదు. కాలిఫోర్నియాలోని పాసడీనాలో ఒక హోటల్లో నేల తుడిచారు, వంట చేశారు. రాత్రిపూట పాసడీనా సిటీ కాలేజీ అనే రెండేళ్ల కళాశాలలో, ఆపైన లాస్ ఏంజెలెస్‌లోని రాష్ట్ర కళాశాలలో మళ్లీ మొదటినుంచి చదువుకున్నారు. తనకు ఎప్పుడో తెలిసిన గణితాన్ని మరొకసారి, ఇంకొకరి ముద్ర కోసం. మన డాక్టర్లు, లాయర్లు, పంతుళ్లు విదేశాలకు వెళ్లినప్పుడు పడే పాట్లు తెలిసినవారికి ఈ కథ కొత్తగా అనిపించదు. 1974లో తూర్పు లాస్ ఏంజెలెస్‌లోని గార్‌ఫీల్డ్ హైస్కూల్లో ఆయనకు ఉద్యోగం దొరికింది. పిల్లల్లో అత్యధికులు మెక్సికో మూలాలున్న శ్రామిక కుటుంబాల వారు. బడికి గుర్తింపు పోయే పరిస్థితి. 1970ల చివరికి చేతివేళ్ల మీద లెక్కించదగిన విద్యార్థులతో ఏపీ కలన గణితం తరగతి మొదలుపెట్టారు. 1982లో ఆ పరీక్ష రాసినవారు 18 మంది. అందరూ గట్టెక్కారు.

ఆ పరీక్షలు నిర్వహించే ఎడ్యుకేషనల్ టెస్టింగ్ సర్వీస్, అంటే ఈటీఎస్, 14 మంది సమాధానపత్రాల మీద అనుమానం లేవదీసింది. ఒకే రకం పొరపాట్లు కనిపించాయని కారణం చెప్పింది. ఒకే పంతులు దగ్గర, ఒకే పద్ధతిలో, పొద్దున్నా సాయంత్రం కలిసి చదివినవారు ఒకేలా తప్పు చేయరా అని పిల్లల పక్షం వాదించింది. బెవర్లీ హిల్స్ బడిలో ఇటువంటి పత్రాలే వస్తే ఇదే అనుమానం వచ్చేదా అన్న ప్రశ్న లేచింది. తొలి పరీక్ష గదిలో నిజంగా ఏం జరిగిందన్న మీమాంస ఆ తర్వాత కూడా పూర్తిగా సద్దుమణగలేదు. ఆగస్టులో, పుస్తకాలు కట్టిపెట్టిన నెలల తర్వాత, కొత్త ప్రశ్నాపత్రంతో, కట్టుదిట్టమైన కాపలా మధ్య 12 మంది మళ్లీ పరీక్ష రాశారు. పన్నెండుగురూ నెగ్గారు, వారి క్రెడిట్లు నిలిచాయి. 1988లో ఈ కథ 'స్టాండ్ అండ్ డెలివర్' అనే సినిమాగా వచ్చింది. సినిమాలో అంతా ఒకటి రెండేళ్లలో అయిపోయినట్లుంటుంది. నిజానికి ఎనిమిదేళ్ల శ్రమ, కింది తరగతుల్లో బీజగణితం దగ్గరనుంచి పునాది వేసుకుంటూ వచ్చిన శ్రమ. నా దృష్టిలో ఆ ఎనిమిదేళ్లే అసలు కథ. కానీ తెర మీద పునాదులు ఎవరు చూస్తారు?

తన చదువును నమ్మని దేశంలో ఒక మనిషి, తన విద్యార్థుల చదువునైనా నమ్మించడానికి ఉమ్మడి పరీక్షనే ఆయుధంగా ఎంచుకున్నారు. బడి పేరుతో, పేటతో పనిలేని అంకె అని ఆ పరీక్ష ఇచ్చిన మాటను గార్‌ఫీల్డ్ పిల్లలు నిజమనుకున్నారు. ఆ మాట ఇచ్చిన సంస్థే మొదట తడబడింది.

పరీక్షతో పనిలేని దారి మరొకటి ఉంది. 1970ల తొలినాళ్లలో న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయం తన పాఠాలనే చుట్టుపక్కల హైస్కూళ్లలో, ఆ బడి పంతుళ్లకు శిక్షణ ఇచ్చి చెప్పించడం మొదలుపెట్టింది. 1985లో మిన్నెసోటా రాష్ట్రం హైస్కూలు విద్యార్థులు ప్రభుత్వ ఖర్చుతో కళాశాలకు వెళ్లి చదువుకోవచ్చని చట్టం చేసింది. ఒకే పాఠానికి హైస్కూల్లోనూ కళాశాలలోనూ లెక్క. దీన్ని డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ అంటారు. ఇందులో ఒక్క రోజు పరీక్ష మీద భారం ఉండదు. సెమిస్టరంతా చేసిన పనికి వచ్చిన గ్రేడే సాక్ష్యం. అయితే ఆ సాక్ష్యాన్ని పక్క రాష్ట్రపు విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందన్న హామీ లేదు.

ఇక రెండేళ్ల కళాశాలనుంచి నాలుగేళ్ల కళాశాలకు బదిలీ. 1960లో కాలిఫోర్నియా, క్లార్క్ కెర్ నాయకత్వంలో, ఒక మహా ప్రణాళిక వేసుకుంది. హైస్కూలు ఉత్తీర్ణుల్లో పై ఎనిమిదో వంతుకు విశ్వవిద్యాలయం, పై మూడో వంతుకు రాష్ట్ర కళాశాలలు, మిగిలిన వారెవరికైనా జూనియర్ కళాశాలలు; అక్కడ రెండేళ్లు బాగా చదివితే పైకి బదిలీ. కాగితం మీద ఇంత అందమైన నిచ్చెన మరొకటి కనిపించదు. మెట్ల మధ్య ఎడం ఎంతుందో ఎక్కేవాడికి తెలుస్తుంది. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2004 నుంచి 2009 మధ్య కళాశాల మారిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు కోల్పోయారు. అంటే వంద రూపాయలు పట్టుకుని ఏరు దాటితే అవతలి ఒడ్డున చెల్లేవి 57. డబ్బు కట్టి, ఉద్యోగం చేసుకుంటూ రాత్రుళ్లు చదివిన చదువది. పాఠం పేరు వేరనో, సంఖ్య వేరనో, తమ శాఖకు అక్కర్లేదనో కారణాలు చెబుతారు. ఫ్లోరిడా ఈ చిక్కును 1970ల్లోనే గుర్తించి రాష్ట్రమంతటికీ ఒకే పాఠ్యసంఖ్యలు పెట్టుకుంది. కాలిఫోర్నియా అదే పనికి చట్టం చేసుకునేసరికి 2021 వచ్చింది.

ఇక్కడ నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. మూడు గంటల ఏపీ పరీక్షలో 5 తెచ్చుకున్న పదిహేడేళ్ల కుర్రవాడికి కలన గణితం వచ్చని ఒప్పుకునే విశ్వవిద్యాలయం, రెండేళ్ల కళాశాలలో సెమిస్టరు పొడుగునా అదే పాఠం చదివి ఎ గ్రేడు తెచ్చుకున్న ముప్పై యేళ్ల గృహిణిని మళ్లీ చదవమనవచ్చు. మొదటివాడి వెనుక దేశమంతా తెలిసిన అంకె ఉంది. రెండో ఆమె వెనుక ఉన్నది ఒక ఊరి కళాశాల మాట. పేరుమోసిన చోట్ల ఆ అంకెకూ విలువ తరిగింది, అది వేరే సంగతి. డార్ట్‌మత్ కళాశాల 2014లో చేరినవారి నుంచి ఏపీకి క్రెడిట్లు ఇవ్వడం మానేసింది. అంతకుముందు అక్కడి మనస్తత్వశాస్త్ర శాఖ వారు ఏపీలో 5 వచ్చిన వంద మందికి పైగా విద్యార్థులకు తమ పరీక్షను కుదించి పెడితే 90 శాతం మంది తప్పారట. కాలేజ్ బోర్డు ఆ ప్రయోగాన్ని తప్పుపట్టింది. తమ సొంత విద్యార్థులకు వేసవి సెలవుల తర్వాత అదే పరీక్ష పెడితే ఎందరు నెగ్గేవారో చూడవలసిందని నాకనిపిస్తుంది. 2018లో వాషింగ్టన్ ప్రాంతపు ప్రైవేటు పాఠశాలలు ఎనిమిది, ఏపీ పాఠాలు వదిలేస్తున్నామని ప్రకటించాయి. తమ బడి పేరే చాలునన్న ధీమా వాటిది. సంపన్నుల బళ్లు కలిసి మొదలుపెట్టిన మార్గం జనసమ్మర్దమయ్యేసరికి సంపన్నుల బళ్లు పక్కదారి పట్టాయి. గార్‌ఫీల్డ్ వంటి బడికి ఆ ధీమా ఎక్కడినుంచి వస్తుంది?

మనవారి సంగతికి వస్తే, ఏపీలో స్పానిష్, చైనీస్, జపనీస్, ఇటాలియన్ వంటి భాషలకు పరీక్షలున్నాయి, తెలుగుకు లేదు. ఆ మాటకొస్తే ఏ భారతీయ భాషకూ లేదు. అయినా సిలికానాంధ్ర మనబడి వంటి సంస్థల్లో తెలుగు చదివిన పిల్లలకు కొన్ని హైస్కూళ్లు విదేశీభాషా క్రెడిట్లు ఇస్తున్నాయి. వేల్చేరు నారాయణరావు గారు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు తెలుగు చెప్పారు. అక్కడ అది పట్టా లెక్కలోకి వచ్చే చదువే. మరోవైపు, మన మూడేళ్ల బీఎస్సీ చదివి అమెరికాలో ఎమ్మెస్‌కు వెళ్లాలనుకున్నవారు ఎందరో "పదహారేళ్ల చదువు కాలేదు" అన్న ఒక్క మాటతో ఆగిపోయారు. అందుకోసమే ఎమ్మెస్సీయో ఎంసీఏయో చదివి ఏళ్లు పూరించుకున్నవారు ఈ పుటలు చదివేవారిలోనూ ఉండవచ్చు. ఏమి చదివారని కాక ఎన్నేళ్లు చదివారని అడిగే ఆ ప్రశ్న కార్నెగీ పింఛను నాటి గడియారపు చప్పుడే. ఇప్పుడు మన దేశమూ ఆ బాటనే ఉంది: 2020 జాతీయ విద్యావిధానం దరిమిలా యూజీసీ 2021లో క్రెడిట్ల బ్యాంకు నియమాలు తెచ్చింది. విద్యార్థి ఒకచోట చదివినది జమ వేసుకుని మరోచోట వాడుకోవచ్చన్నది ఊహ. జమ చేయడం సులువే. అవతలి కళాశాల చెక్కును గౌరవించాలి కదా.

2015లో కార్నెగీ ఫౌండేషన్ తన పేరు మోస్తున్న యూనిట్‌ను తానే సమీక్షించుకుంది. ఇది నేర్చుకున్నదాన్ని కొలవదని ఒప్పుకుంది, కానీ దీని స్థానంలో పెట్టదగినది ఇంకా లేదంది. 2023లో గంటల లెక్కకు బదులు నైపుణ్యాలను కొలిచే కొత్త సాధనాలు తయారుచేస్తామని ప్రకటిస్తూ ఒక భాగస్వామిని వెంటబెట్టుకుంది. ఆ భాగస్వామి పేరు ఈటీఎస్. 1947లో అదే కార్నెగీ ఫౌండేషన్, కాలేజ్ బోర్డు, అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ కలిసి స్థాపించిన సంస్థ. 1982లో గార్‌ఫీల్డ్ పిల్లల్ని మళ్లీ పరీక్ష రాయమన్నదీ అదే.